గాలి పేజీకి మూడు ఎరుపులు

దుమ్ము నెల, నాలుగో రోజు

గాలి పేజీ నడుస్తోంది. వీధిలో నలభై ఇళ్లూ పచ్చగా ఉన్నాయి.

పొద్దున్నే లేచి నేను చేసే మొదటి పని సర్వర్ ఫ్యాన్‌కి పట్టిన ఎర్రదుమ్ము దులపడం. రెండోది టీ పెట్టడం. సర్వర్ వంటింట్లోనే, బియ్యం డబ్బా పక్క అరలో ఉంటుంది. చూడ్డానికి చెప్పుల పెట్టెంత. కానీ మా వీధి సొరంగంలో ఏ తలుపు తెరుచుకోవాలన్నా ముందు దీన్ని అడగాల్సిందే, అవతల గాలి ఉందా అని. ప్రతి ఇంట్లో గోడకి ఒక గేజీ ఉంది. ఆ ఇంట్లో గాలి ఎంతుందో అది నిమిషానికోసారి మా పేజీలో రాస్తుంది. తలుపు ఆ అంకె చూసుకుని, బాగుంటే తెరుచుకుంటుంది, లేకపోతే బిగుసుకుపోతుంది. మా ఊరు ఎర్రమెట్టలో గాలి లేనిచోట తలుపు తెరిస్తే ఏమవుతుందో చంటిపిల్లలకి కూడా తెలుసు.

ఈ పేజీ రాసింది మా అత్తగారు వకుళ. భూమి నుంచి మొదటి ఓడలో వచ్చినవాళ్లలో ఆవిడొకరు. వచ్చిన ఏడాదే ఊరంతటికీ ఒక్కటిగా ఉన్న పెద్ద కంప్యూటర్ కాలిపోయింది. ఇక ఏ పనీ ఒక్కచోట పెట్టకూడదని అప్పుడే ఊరు తీర్మానం చేసుకుంది. నీళ్లు ఒకరింట్లో, బడి పాఠాలు ఒకరింట్లో, గాలి మా ఇంట్లో. ఇప్పుడు అత్తయ్యకి చూపు ఆనదు. మా ఆయన మంచుగనిలో ఉంటాడు, నెలకోసారి వస్తాడు. పేజీ బాగోగులు నావి. నా చేతికొచ్చాక ఇది ఒక్కసారి కూడా ఆగలేదు. గొప్పలు చెప్పుకుంటున్నానా అంటే, అవును, చెప్పుకుంటున్నాను. చిట్టా రాయాలని రూలు పెట్టారుగానీ గొప్పలు రాయకూడదని పెట్టలేదు.

కొత్తగా వచ్చిన స్కానర్‌తో రేపు ఇంటింటి సర్వర్నీ పరీక్ష చేస్తారట. చేసుకోనీ.

దుమ్ము నెల, ఐదో రోజు

పేజీ నడుస్తోంది. మనసే బాగాలేదు.

స్కానర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. దొంగ ఇంటి చుట్టూ తిరిగి ఏ కిటికీ గడియ వదులుగా ఉందో చూసినట్టు, సర్వర్ చుట్టూ తిరిగి తట్టి చూస్తుంది. లోపలికి రాదు. చూసింది రాసి, ఒక్కో దానికి ఒక రంగు వేస్తుంది. ఎరుపైతే ప్రమాదం. పసుపైతే జాగ్రత్త. నీలమైతే ఊరికే తెలియడానికి.

మా రిపోర్టు పట్టుకుని మృత్యుంజయం బావగారు స్వయంగా వచ్చారు. ఊరి భద్రత ఆయన చూస్తారు. మా ఆయనకి పెదనాన్న కొడుకు. కంప్యూటర్ కాలిన రోజున లోపల చిక్కుకున్నవాళ్లని లాగుతూ చెయ్యి కాల్చుకున్న మనిషి. ఇప్పటికీ ఆ చేత్తో గ్లాసు పట్టుకోలేరు.

"పిన్నీ, చెప్పడానికి బాధగానే ఉంది. మీ ఇంటికి మూడు ఎరుపులొచ్చాయి. ఇప్పటిదాకా చూసిన ఇళ్లల్లో ఇదే ఎక్కువ."

"ఏ ఇంటికి?" అంది అత్తయ్య. వినపడక కాదు.

"మీ ఇంటికే. ఎల్లుండి సభ ఉంది. ఎరుపొచ్చిన ఇళ్ల పనులన్నీ ఊరి హాల్లోకి మార్చి, నా కళ్లముందు పెట్టుకుందామనుకుంటున్నా. గాలితో ఆటలొద్దు."

"మళ్లీ అన్నీ ఒక్కచోట పెడతావా, నాయనా?"

ఆయన కాలిన చేతిని రెండో చేత్తో కప్పుకున్నారు. "ఆ భయం నాకు లేదనుకుంటున్నావా పిన్నీ? కానీ ఎరుపు చూసి కూడా ఊరుకున్నానని రేపు ఎవరైనా అంటే నేనేం చెప్పాలి?"

ఆయన మాటా తప్పు కాదు. ఆయన వెళ్లాక అత్తయ్య అన్నం ముట్టలేదు. "మూడా? నా పేజీకా?" అని రెండుసార్లు అంది. పచ్చడి వేసి ముద్ద కలిపి ఇస్తే పక్కకి తోసేసింది.

దుమ్ము నెల, ఆరో రోజు

పొద్దున్నే అత్తయ్య స్నానం చేసి, జడ బిగించి, వంటింటి పీట మీద కూర్చుంది.

"చదవ్వే హైమా. రంగులు చెప్పకు. రాసింది రాసినట్టు చదువు."

మొదటిది చదివాను. మా సర్వర్ నడిపే సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ అట. ఈ వెర్షన్‌లో ఒక కంత ఉంది, దాంట్లోంచి బయటివాళ్లు లోపలికొచ్చి సర్వర్‌ని చేజిక్కించుకోవచ్చు అని ఉంది.

అత్తయ్య మొహం విప్పారింది. "కంత ఉందని దానికెట్టా తెలుసు? దూరి చూసిందా?"

"లేదత్తయ్యా. వెర్షన్ నంబరు చూసి చెప్పింది."

"మరి భూమి నుంచొచ్చే కొత్త వెర్షన్ మన పెట్టెలో పడుతుందా? పట్టదనేగా, ఆ కంత ఒక్కటీ పూడ్చే ప్యాచ్ మనవాళ్లే రాసి పాత వెర్షన్‌కే వేసింది! కంత పోయింది. నంబరు మిగిలింది."

నాకు నవ్వొచ్చింది. భూమ్మీద ఉన్నప్పుడు కుజదోషం ఉందని నాకు రెండు సంబంధాలు తప్పిపోయాయి. పిల్లని చూడలేదు, మాట్లాడలేదు, జాతకం కాగితం చూసి వద్దన్నారు. కుజుడి మీదకే కాపురానికొచ్చేశాక ఆ మాటెత్తేవాళ్లు లేరు. ఈ స్కానర్‌దీ అదే చూపు.

అయినా అత్తయ్య నోటిమాట నాకు చాలుతుందిగానీ సభకి చాలదు. పాత టాబ్లెట్‌లో మా సర్వర్‌కి నకలు పెట్టాను. ఆ కంతలోంచి ఎలా దూరొచ్చో రిపోర్టులోనే వివరంగా రాసి ఉంది. అచ్చం అలాగే దూరబోయాను. తల గోడకి కొట్టుకున్నట్టయింది. నిజంగానే పూడిపోయింది. ఆ ప్రయత్నమంతా దాచిపెట్టాను, సభలో చూపించడానికి.

రెండో ఎరుపు బొమ్మలు చిన్నవి పెద్దవి చేసే ఒక భాగంలో లోపం గురించి. మా పేజీలో అంకెలే తప్ప బొమ్మలు లేవు. ఆ భాగాన్ని అసలు ఎప్పుడూ నడపలేదు. పెట్టెలో ఉంది, అంతే. దాన్ని తీసి పారేశాను, గొడవ వదిలిపోయింది.

మూడోది చదివేసరికి అత్తయ్య గొంతు తగ్గింది. పేజీకీ గేజీలకీ మధ్య మాటలు బయటివాళ్లకి అర్థం కాకుండా గుప్తంగా సాగుతాయి. పాతకాలపు బలహీనమైన గుప్తభాషని కూడా మా సర్వర్ ఇంకా ఒప్పుకుంటోందని రాసి ఉంది.

"ఇది నిజమేనే. మొదటి ఓడ గేజీలకి ఆ పాతదే వచ్చేది. అందుకని ఉంచాను."

"ఆ గేజీలు ఇప్పుడెవరింట్లో ఉన్నాయత్తయ్యా?"

"ఎక్కడివే, ఎప్పుడో పోయాయి. తీసెయ్. దీన్లో స్కానర్‌దే రైటు."

తీసేశాను. ఏ గేజీ నోరు మూసుకోలేదు. మూడు ఎరుపులకీ లెక్క తేలింది. రెండు ఉత్తవి, ఒకటి నిజం, ఆ నిజమూ సరైపోయింది. అత్తయ్య రెండుసార్లు కూర వడ్డించమంది. తింటుంటే మిగతావి చదివాను. పసుపులు రెండు. నీలాలు బోలెడు. వాటిలో ఒకటి, 'ఈ పేజీలో బయటినుంచి రాయడానికి అనుమతి ఉంది' అని.

"లేకపోతే గేజీలు ఎట్టా రాస్తాయి? తర్వాతది చదువు," అంది అత్తయ్య. చదివాను.

దుమ్ము నెల, ఏడో రోజు

సభ రేపటికి వాయిదా పడింది. మంచిదే అయింది. ఎందుకో రాస్తున్నాను.

పొద్దున పిండి కలుపుతుంటే ఆ నీలం వాక్యం మళ్లీ గుర్తొచ్చింది. రాయడానికి అనుమతి ఉంది. సరే, గేజీలు రాయాలి. కానీ రాసింది గేజీయేనని పేజీ ఎలా పోల్చుకుంటుంది? చెయ్యి కడుక్కుని చూశాను. వచ్చే ప్రతి అంకె ముందూ ఇంటి నంబరు ఉంటుంది. పేజీ ఆ నంబరు చూస్తుంది, అంకె రాసుకుంటుంది. అంతే. ఇంకేమీ అడగదు.

వంటింటి టాబ్లెట్ తీసుకున్నాను. మా ఇంటి నంబరు కొట్టి, గాలి సున్నా అని రాసి పంపాను. టాబ్లెట్ గేజీ కాదు. పేజీ కాదనాలి.

ధడాలున వీధి తలుపు బిగుసుకుపోయింది.

"ఏందే అది? తలుపెందుకు పడింది?" అత్తయ్య గోడ పట్టుకుని వచ్చింది. "గాలి పోతోందా?"

"లేదత్తయ్యా. గాలి బాగానే ఉంది. నేనే రాశాను, లేదని."

నిమిషంలో మా గేజీ అసలు అంకె రాసింది. తలుపు వదులైంది. అత్తయ్య మాత్రం అక్కడే నిలబడిపోయింది. నేను చెప్పకముందే ఆవిడకి అర్థమైంది. ఉన్న గాలిని లేదని రాయగలిగితే, లేని గాలిని ఉందనీ రాయొచ్చు. అప్పుడు తలుపు బిగుసుకోదు. తెరుచుకుంటుంది.

స్కానర్‌ని తప్పుపట్టను. వంటల పేజీకో పాటల పేజీకో అది నీలమే. ఈ పేజీని నమ్మి తలుపులు తెరుచుకుంటాయని పాపం దానికెవరు చెప్పారు?

గోడ వదలకుండానే అత్తయ్య అంది, "ముందు సరిచేద్దాం. సభలో ఎరుపుల సంగతి చెప్పు, చాలు. సరయ్యాక ఇది చెబుదాం."

"సరిచెయ్యడానికి ప్రతి ఇంటికీ వెళ్లి గేజీ విప్పాలి. రోజులు పడుతుంది. అంతదాకా వీధిలో జనం ఈ తలుపుల్లోంచే నడుస్తారుగా అత్తయ్యా."

"చెబితే పేజీ పట్టుకుపోతాడు మృత్యుంజయం."

"పట్టుకుపోతే పోనీ."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అత్తయ్య తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఈ పేజీ ఆవిడకి నా మొగుడి కంటే ముందు పుట్టిన బిడ్డ. దాన్ని నేను, పిండి చేతుల్తో, పోతే పోనీ అన్నాను.

దుమ్ము నెల, ఎనిమిదో రోజు

హాలు నిండింది. అత్తయ్య దారంతా నా భుజం పట్టుకునే నడిచింది కానీ మొహం అటు తిప్పుకునే ఉంది.

మృత్యుంజయం బావగారు మా మూడు ఎరుపులూ పైకి చదివారు. నేను లేచాను. ప్యాచ్ ఉన్న నకలు మీద నేను దూరబోయి ఓడిపోయింది చూపించాను. తీసేసిన భాగం గురించి చెప్పాను. మూడోది మాత్రం నిజమేనని ఒప్పుకుని, సరిచేశామని చెప్పాను. వెనక వరసల్లోంచి చప్పట్లు వినపడ్డాయి. బావగారు కూడా తల ఊపి, "బాగుందమ్మా, నాకు అర్థమయ్యేలా చెప్పావు," అన్నారు.

అక్కడితో కూర్చోవచ్చు. కూర్చోలేదు.

"ఇంకొకటుంది, బావగారూ. నీలం రంగుది."

నీలం అనగానే ఎవరో నవ్వారు. నిన్న మా తలుపు ఎందుకు పడిందో చెప్పాను. నవ్వు ఆగిపోయింది. చంకలో పిల్లలున్న తల్లులు వాళ్లని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు.

అప్పుడు అత్తయ్య లేచింది. ఎటు తిరిగి మాట్లాడాలో తెలియక కొంచెం పక్కకి తిరిగి నిలబడింది.

"ఆ పేజీ రాసింది నేను. అప్పుడు పన్నెండు ఇళ్లం. ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నాం. ఎవరింటి గాలి గురించి ఎవరు అబద్ధం రాస్తారులే అని తాళం పెట్టలేదు. ఇప్పుడు నలభై ఇళ్లయ్యాయి. తాళం కావాలని నాకు తట్టలేదు. స్కానర్‌కీ తట్టలేదు. మా కోడలికి తట్టింది. ఇది దాచిపెడదామని నిన్న నేనన్నాను. అది వినలేదు. వినకపోవడమే మంచిదైంది."

బావగారు ముందుకొచ్చి ఆవిణ్ణి కూర్చోబెట్టారు. తర్వాత నా వైపు తిరిగారు.

"అమ్మా, నువ్వు చెప్పకపోతే ఇది నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఎరుపులే చూశాను నేను. పేజీ మీ ఇంట్లోనే ఉంటుంది. తాళాలు మీరే వెయ్యండి. అవి పడేదాకా ప్రతి తలుపు దగ్గరా ఒక మనిషి చేతిగేజీ పట్టుకుని నిలబడతాడు. మొదటి వంతు నాది."

ఇంటికొచ్చే దారిలో అత్తయ్య నా భుజం మీద చెయ్యి తియ్యకుండానే, "పప్పు వండు. ఆకలేస్తోంది," అంది.

దుమ్ము నెల, పదో రోజు

ఇవాళ్టిది ఇవాళే రాసి పెట్టాలి.

తాళం అంటే ఇదీ. ప్రతి గేజీలో ఒక రహస్యపు మాట పెడతాం. ఆ మాటతో ముద్ర వేసిన అంకెనే పేజీ తీసుకుంటుంది, లేనిదాన్ని పారేస్తుంది. రహస్యం కనుక తీగల మీద పంపకుండా, ఇంటింటికీ వెళ్లి గేజీ విప్పి చేత్తో పెట్టాలి. నిన్నంతా ఒక వైపు ఇళ్లు పూర్తిచేశాం. నేను గేజీ విప్పుతాను, బావగారు దీపం పట్టుకుంటారు. ప్రతి ఇంట్లో టీ ఇస్తారు.

ఇవాళ ఇరవైమూడో ఇంటికెళ్లాం. తరళ ఇల్లు. మొగుడు గనిలో పని, మూడు నెలల పాపతో ఒక్కతే ఉంటుంది. వారంగా గడప దాటలేదట, అందుకే తలుపు దగ్గర నిలబడ్డ మనిషికి లోపలి గాలి చూసే పని పడలేదు. తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. కళ్లు వాచి ఉన్నాయి.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"తలనొప్పక్కా. వారం నుంచీ. నిద్ర ముంచుకొస్తోంది. పాప కూడా పాలు తాగకుండా పడుకునే ఉంటోంది. పాలు మానిపించే వయసు కాదుగా అని బెంగగా ఉంది." టీ పెడతానని లేచి, గోడ పట్టుకుంది. "పప్పయితే ఎంత ఉడికించినా పలుకు విరగట్లేదక్కా. స్టవ్ పాడైందేమో."

నేను గేజీ దగ్గరికెళ్లాను. దాని దీపం వెలగడం లేదు. చచ్చిపోయి ఎన్నాళ్లయిందో.

టాబ్లెట్‌లో గాలి పేజీ తెరిచాను. ఇరవైమూడో ఇల్లు పచ్చగా, నిండుగా ఉంది. ఒక్క నిమిషం కిందటే వచ్చిన అంకె.

గేజీ చచ్చిపోయింది. మరి ఎవరు రాస్తున్నారు?

"బావగారూ, చేతిగేజీ!" అన్నాను. ఆయన చూశారు. చూసి నాకు చూపించలేదు. "పాపని తియ్యి," అన్నారంతే. నేను పాపని ఎత్తుకున్నాను. మెత్తగా, వేలాడిపోతూ వచ్చింది చేతుల్లోకి. ఆయన తరళని ఒక రెక్క పట్టుకుని లేపారు. సొరంగంలోకి పరిగెత్తి, మా ఇంట్లోకి తెచ్చి పడేశాం. అత్తయ్య సిలిండర్ గొట్టానికున్న గాలిమూతి పాప మొహానికి పెట్టి, వీపు రాస్తూ, "ఏడవ్వే తల్లీ, ఏడువు," అంటూనే ఉంది.

ఏడ్చింది. అంత మంచి ఏడుపు నేను వినలేదు.

సాయంత్రానికి సంగతంతా తేలింది. తరళ మంచం వెనక గోడ అతుకు ఎండి పగిలింది. గాలి సన్నగా పోతోంది. గాలి పలచబడితే నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి, పప్పు ఉడకంది అందుకే. ఇంటి గాలి సిలిండర్ ఆ లోటుని కొంచెం కొంచెం పూడుస్తూ వచ్చి, ఖాళీ అయ్యే దశకొచ్చింది. పక్కనున్న ధాన్యపు కొట్టులో ఆమధ్య గేజీ పెట్టినవాళ్లు దానికి పొరపాటున ఇరవైమూడు అని నంబరిచ్చారు. కొట్టులో గాలి బాగుంది. ఆ బాగున్న అంకె తరళ ఇంటి పేరున పేజీలోకి ఎక్కుతోంది. ఎవరూ దొంగ కాదు, ఎవరూ అబద్ధం చెప్పలేదు. అడిగేవాళ్లు లేకపోతే నిజాయితీగల గేజీ కూడా అబద్ధమే రాస్తుంది.

"సిలిండర్ రేపటిదాకా వచ్చేది కాదు," అని బావగారు వీధి తలుపు దగ్గర, నాకు మాత్రమే వినపడేలా చెప్పారు. కాలిన చెయ్యి నా తలమీద పెట్టారు.

దుమ్ము నెల, ఆఖరి రోజు

పేజీ నడుస్తోంది. నలభై ఇళ్లూ పచ్చగా ఉన్నాయి. ధాన్యపు కొట్టు కూడా తన సొంత నంబరుతో ఉంది. ప్రతి అంకెకీ ముద్ర ఉంది. నిన్న టాబ్లెట్‌తో మళ్లీ మా ఇంటికి సున్నా రాయబోయాను. పేజీ ఫో అంది. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

మళ్లీ స్కాన్ చేశారు. ఒక ఎరుపు అలాగే ఉంది, వెర్షన్ నంబరుది. ఉంటుంది మరి, నంబరు మారలేదుగా. దాని పక్కన కారణం రాసి, ఎలా తేల్చుకున్నామో రాసి, సంతకం పెట్టి పంపాను. సభ ఒప్పుకుంది. ఇక నుంచి ఏ ఇంటి రిపోర్టూ రంగు చూసి తీర్పు చెప్పకూడదని, ఆ ఇంటి పని ఏమిటో తెలిసినవాళ్లు పక్కన కూర్చుని నీలాలతో సహా చదవాలని తీర్మానించారు. పనులు ఎక్కడివక్కడే ఉంటాయి.

తరళ పాప రోజూ మా ఇంటికొస్తోంది. సర్వర్ ఫ్యాన్ చప్పుడుకి నిద్రపోతోంది, మంచి నిద్రే.

ఇవాళ పొద్దున నీళ్ల వీధి నుంచి ఒకావిడ వచ్చింది. వాళ్లింట్లో నీళ్ల లెక్క సర్వర్ ఉంది. ఐదు ఎరుపులట. కళ్లనీళ్లు పెట్టుకుంది. గుమ్మంలో కూర్చున్న అత్తయ్య చేతిలో రిపోర్టు పెట్టి, "వకుళగారూ, ఎర్రమెట్టలో మీకంటే తెలిసినవాళ్లెవరు, మీరే చూసి చెప్పాలి," అంది.

నేను వంటింట్లోంచి వింటున్నాను. అత్తయ్య ఆ రిపోర్టుని ఒళ్లో పెట్టుకుని, ఒకసారి చేత్తో నిమిరి, తిరిగి ఆవిడకే ఇచ్చేసింది.

"లోపలికెళ్లమ్మా. హైమగారు ఉన్నారు. ఆవిణ్ణి అడుగు."

గారు అంది. కాపురానికొచ్చి ఇన్నేళ్లయింది, ఒసే అనో, హైమా అనో తప్ప పిలిచిన మనిషి కాదు.

నీళ్ల వీధి ఆవిడ లోపలికొచ్చేసరికి నేను సింకు వైపు తిరిగి గిన్నె తోముతున్నాను. "ఒక్క నిమిషం కూర్చోండి," అన్నాను. ఆ గిన్నె అప్పటికే తోమేసిందే. అయినా ఇంకాసేపు తోమాను.